మీ ప్రశ్నలు – మా జవాబులు: మూడు రాజధానుల్లో కూర్చున్న సత్తెనపల్లి సభ్యుడు

శాసనసభ్యుల విధుల గురించి ప్రశ్నలు పంపమని కోరితే, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వావిలాల గోపాలకృష్ణయ్య గారి పేరు కనిపించింది. 1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో పుట్టి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లి, నాలుగుసార్లు ఆ ఊరి తరఫున చట్టసభకు ఎన్నికై, 2003 ఏప్రిల్ 29న కన్నుమూసిన ఈ మనిషిని ఇరవై ఏళ్లు దాటినా పాఠకులు మరచిపోకపోవడం సంతోషమే. అందుకే ఈసారి శీర్షికను ఆయన చేసిన పనికే కేటాయించి, ఆ పని ద్వారా మిగిలిన ప్రశ్నలకు జవాబు చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

ప్రశ్న: వావిలాల గారు 1952, 1955, 1962, 1967 సంవత్సరాల్లో గెలిచారని మా తాతగారు చెబుతుంటారు. ఎన్నికలు అయిదేళ్లకు ఒకసారి కదా, మొదటిసారి మూడేళ్లకే ఎందుకొచ్చాయి, తరవాత ఏడేళ్లు ఎందుకు పట్టింది? దేశమంతా ఎన్నికలు జరిగిన 1957 ఈ లెక్కలో ఏమైంది? – డిగ్రీ విద్యార్థిని, సత్తెనపల్లి

మీ తాతగారి లెక్క సరైనదే. తేడా ఆయన జ్ఞాపకంలో లేదు, మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది. 1952లో గెలిచిన వావిలాల గారు అడుగుపెట్టింది మద్రాసు శాసనసభలో. 375 స్థానాలున్న ఆ సభలో కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చి, ఎవరికీ మెజారిటీ లేక, చివరికి రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు. తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ సభ్యులు ఒకే కప్పు కింద కూర్చున్న సభ అది. ఆ ఏడాది డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణతో పరిస్థితి మారిపోయి, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, తెలుగు జిల్లాల నుంచి మద్రాసుకు ఎన్నికైన 140 మందీ మళ్లీ ఓటు అడగకుండానే కొత్త రాష్ట్రపు శాసనసభ్యులయ్యారు. అంటే సత్తెనపల్లి ఓటరు మద్రాసుకు పంపిన మనిషి మధ్యలోనే కర్నూలు చేరాడన్నమాట. భవనాలు చాలక ప్రభుత్వ కార్యాలయాలు గుడారాల్లో నడిచిన రోజులవి. ఆ సభకు తొలి స్పీకరు నల్లపాటి వెంకటరామయ్య గారిదీ పక్కనున్న నరసరావుపేటే కావడం పల్నాటి పాఠకులకు నచ్చే సంగతి.

ఆ సభకు ఆయుష్షు తక్కువైంది. మద్యనిషేధాన్ని కొనసాగించాలా వద్దా అన్న వివాదంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయి, సభ రద్దయి, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. మీరు అడిగిన మూడేళ్ల లెక్క ఇదే. 196 స్థానాలకు జరిగిన ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ కూటమి ఘనవిజయం సాధించగా, అధికారంలోకి వస్తారని కొందరు అంచనా వేసిన కమ్యూనిస్టులు 15 దగ్గర ఆగిపోయారు. అంతటి గాలిలోనూ సత్తెనపల్లి ప్రజలు వావిలాల గారినే ఎంచుకున్నారు.

1956 నవంబరు 1న తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో సభ హైదరాబాదుకు తరలింది. మరుసటి ఏడు దేశమంతటా సాధారణ ఎన్నికలు జరిగినా, ఆంధ్ర ప్రాంతపు శాసనసభ్యులు ఎన్నికై అప్పటికి రెండేళ్లే అయినందువల్ల, శాసనసభ ఎన్నికలు తెలంగాణలోని 105 స్థానాలకు మాత్రమే నిర్వహించారు. సత్తెనపల్లి ఓటరు ఆ సంవత్సరం లోక్‌సభకు మాత్రమే ఓటు వేశాడు. రెండు వేర్వేరు సంవత్సరాల్లో ఎన్నికైన సభ్యులతో కలగలిసిన ఆ సభ 1962 దాకా నడిచింది కనుక, 1955లో గెలిచిన వారికి ఏడేళ్ల పదవీకాలం దక్కింది.

ఈ మధ్య మన రాజకీయాల్లో ‘మూడు రాజధానులు’ అన్న మాటకు వేరే అర్థం వచ్చింది గానీ, నిజంగా మూడు రాజధానుల్లో, మద్రాసు, కర్నూలు, హైదరాబాదుల్లో, ఒకే ఊరి తరఫున కూర్చున్న సభ్యుల తరం అది. నియోజకవర్గం కదలలేదు, రాష్ట్రమే దాని చుట్టూ రెండుసార్లు మారింది.

ప్రశ్న: నాగార్జునసాగర్‌ను వావిలాల గారే తెచ్చారని మా ఊళ్లో అంటారు. స్వతంత్ర సభ్యుడిగా పేరుపడిన ఒక్క మనిషి, మంత్రి కూడా కాకుండా, అంత ప్రాజెక్టును ఎలా తేగలడు? ఇది అభిమానంతో పెంచిన మాట కాదా? – రైతు, జవహర్ కాలువ ఆయకట్టు

కొంత అభిమానం ఉంది, కొంత నిజమూ ఉంది. రెంటినీ విడదీసి చూద్దాం. ఏ భారీ ప్రాజెక్టూ ఒక్కరి వల్ల రాదు. అప్పటి మద్రాసు ప్రభుత్వం కృష్ణ నీటిని పెన్న మీదుగా దక్షిణానికి మళ్లించే కృష్ణా–పెన్నార్ పథకాన్ని తలపెట్టినప్పుడు, దాన్ని ఎదిరించి, నందికొండ దగ్గరే, అంటే ఇప్పుడు నాగార్జునసాగర్ ఉన్న చోటే, ఆనకట్ట కట్టాలని పట్టుబట్టిన వారిలో ముక్త్యాల రాజా వారు ముందు వరసలో ఉన్నారు. ఈ పథకాలను పరిశీలించిన ఖోస్లా కమిటీ 1952లో నందికొండ వైపు మొగ్గు చూపింది. ఇంజినీర్లు, రైతు సంఘాలు, పత్రికలు, వివిధ పార్టీల నాయకులు తలా ఒక చెయ్యి వేశారు. వావిలాల గారు ఆ ఉద్యమంలో ముఖ్యుల్లో ఒకరు. ఆయన ఒక్కరే తెచ్చారనడం మిగిలిన వారికి అన్యాయం.

అయితే శాసనసభ్యుడి పని ఎక్కడ ఉందో ఈ కథలోనే కనిపిస్తుంది. నెహ్రూ గారు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు, ఇందిరాగాంధీ గారు కాలువల్లోకి నీరు వదిలింది 1967 ఆగస్టు 4న. మధ్యలో దాదాపు పన్నెండేళ్లు. శంకుస్థాపన నాడు ఆయన సభ్యుడే, నీళ్లు వదిలిన నాడూ సభ్యుడే. రాయి వేసిన రోజున చప్పట్లు కొట్టడానికి అందరూ ఉంటారు. ఏటేటా బడ్జెట్ వచ్చినప్పుడు నీటిపారుదల పద్దు మీద లేచి, ఈ ఏడు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, కాలువ తవ్వకం ఎంతదాకా వచ్చింది అని అడిగే మనిషి ఒకడు సభలో ఉండడం వేరే సంగతి. పెద్ద పనులు ఆగిపోయేది వ్యతిరేకత వల్ల కంటే మరుపు వల్లే ఎక్కువ.

మంత్రి కాని సభ్యుడికి ఉన్న ఆయుధాల్లో నా లెక్కలో మొదటిది ప్రశ్న. సభ్యుడు ముందుగా నోటీసు ఇచ్చిన ప్రశ్న నక్షత్ర గుర్తుతో సభ ముందుకు వస్తే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలను కూడా ఎదుర్కోవాలి. అది సభలో జరిగే తంతు. అసలు సందడి అంతకుముందే, సభ బయట జరుగుతుంది. ప్రశ్న సచివాలయంలోని శాఖకు వెళ్తుంది, శాఖ నుంచి జిల్లాకు, అక్కడి నుంచి సంబంధిత ఇంజినీరుకో తహసీల్దారుకో చేరుతుంది. ‘ఎల్.ఎ. క్వశ్చన్ (శాసనసభ ప్రశ్న), అర్జెంటు’ అని పైన ఎర్ర సిరాతో రాసిన కాగితం బల్ల మీద పడితే, మూడేళ్లుగా బీరువాలో నిద్రపోతున్న ఫైలు ఆ సాయంత్రానికి దుమ్ము దులుపుకొని బయటికి రావడం నేను విలేకరిగా ఉన్న రోజుల్లో ఒకటికి రెండుసార్లు కళ్లారా చూశాను. ఒకచోటనైతే గుమాస్తా ఆ కాగితాన్ని పక్క సీటుకు, పక్క సీటు ఎదుటి సీటుకు తోసుకుంటూ పోగా, చివరికి ఆఫీసు మూసేవేళ ఇంజినీరు గారే కూర్చొని కాలువ కొలతలు స్వయంగా రాసుకోవలసి వచ్చింది. సభలో ఆ ప్రశ్నకు వంతు రాలేదనుకుంటాను, కానీ పని కదిలింది.

ఇది కాక అత్యవసర విషయం మీదికి మంత్రి దృష్టిని మళ్లించే సావధాన తీర్మానం ఉంది, బడ్జెట్ పద్దులను తగ్గించమని పెట్టే కోత తీర్మానం ఉంది, మంత్రి సభలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారో లేదో చూసే హామీల కమిటీ ఉంది, మంత్రి కాని సభ్యుడు సొంతంగా తెచ్చే అనధికార బిల్లు పెట్టే హక్కు ఉంది. వీటిలో దేనికీ అధికార పార్టీ కండువా అక్కర్లేదు. కావలసింది సభ నియమావళి చదువుకునే ఓపిక, అంకెలు దగ్గర పెట్టుకునే అలవాటు, సభ జరిగే రోజుల్లో సభలో ఉండడం. ఈ మూడోది చెప్పడానికి మరీ మామూలుగా ఉంది కానీ, ఈ రోజుల్లో అన్నిటికంటే అరుదైనది అదే.

ప్రశ్న: మా వీధిలో మురుగుకాలువ పూడిపోయి రెండేళ్లయింది. ఎమ్మెల్యే గారి ఇంటికి నాలుగుసార్లు వెళ్లాను, ప్రతిసారీ లెటర్ ప్యాడ్ మీద సిఫారసు రాసిచ్చారు. కాలువ మాత్రం అలాగే ఉంది. ఆయన పని చేయనట్టేనా? – గృహిణి, పల్నాడు జిల్లా

అమ్మా, మీ కోపం న్యాయమైనదే గానీ, అది వెళ్లవలసిన గడప వేరు. మురుగుకాలువ, తాగునీరు, వీధిదీపం, చెత్త, శ్మశానం, ఇవన్నీ మీ మునిసిపాలిటీ పనులు, పల్లెలో అయితే పంచాయతీ పనులు. 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చినప్పుడు పంచాయతీలకు 29 అంశాలు, పట్టణ సంస్థలకు 18 అంశాలు అని షెడ్యూళ్లలో విడదీసి మరీ రాశారు. శాసనసభ్యుడు మునిసిపల్ ఇంజినీరుకు అధికారి కాడు. ఆయన రాసిచ్చే ఉత్తరం ఆదేశం కాదు, అభ్యర్థన మాత్రమే.

మరి జనం ఆయన ఇంటికే ఎందుకు వెళ్తారు? ఒక ఉదయం మాటగా చెబుతాను, ఊరూ పేరూ వద్దు. తెల్లవారి ఆరున్నర. వరండాలో పాతికమంది. పింఛను ఆగిపోయిన ముసలమ్మ చీరకొంగున ఆధార్ కార్డు ముడివేసుకొని మెట్టు మీద కూర్చుంది. గుండె ఆపరేషనుకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) కావాలని ఒక కుర్రాడు ఆసుపత్రి ఎస్టిమేటు గుండెలకు అదుముకొని నిలబడ్డాడు. బదిలీ కోసం ఒక మాస్టారు, గట్టు తగాదాతో అన్నదమ్ములిద్దరు విడివిడిగా, మూలలకు పసుపు రాసిన శుభలేఖలతో నలుగురు. పీఏ డైరీలో రాసుకుంటూ ఒక్కొక్కరినీ లోపలికి పంపుతుంటే, ఎమ్మెల్యే గారు ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో కలం పట్టుకొని, పది గంటలకు అరవై సంతకాలు పెట్టి, టిఫిను మానేసి, మూడు పెళ్లిళ్లకూ ఒక దినం భోజనానికీ బయల్దేరారు. ఆయన సోమరి కాడు. నేను ఎరిగిన వారిలో బాగా కష్టపడే మనిషి. కానీ ఆ అరవై సంతకాల్లో ఒక్కటైనా శాసనసభ్యుడు మాత్రమే చేయగల పని కాదు.

ఎల్‌ఓసీ లాంటి వాటికి ఎమ్మెల్యే సిఫారసు ఆనవాయితీ అయిపోయింది కాబట్టి ఆ కుర్రాడికి వేరే దారి లేదు. మీకు ఉంది. మీ వార్డు కౌన్సిలరును పట్టుకోండి, కమిషనరుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, కౌన్సిల్ సమావేశపు అజెండాలో మీ కాలువ మాట చేర్చమని అడగండి. మునిసిపాలిటీకి నిధులే రాలేదని జవాబు వస్తే, అప్పుడు ఎమ్మెల్యే గారి దగ్గరకు అయిదోసారి వెళ్లి, లెటర్ ప్యాడ్ వద్దండీ, మన పట్టణానికి రావలసిన నిధులు ఎందుకు రాలేదో సభలో ప్రశ్న వేయండి అని అడగండి. ఆయన కొంత ఆశ్చర్యపోవచ్చు. అడగవలసిన మాట మాత్రం అదే.

ప్రశ్న: నేను వార్డు కౌన్సిలరును. మా ఛైర్మన్ ఎన్నికలో ఎమ్మెల్యే గారు కూడా చెయ్యెత్తారు. వార్డు నుంచి గెలవని వారికి ఓటు ఎలా వచ్చింది? – గుంటూరు జిల్లా

ఎక్స్ అఫీషియో, అంటే పదవి రీత్యా దక్కే, సభ్యత్వం వల్ల వచ్చింది. ఎంపీలకు, ఎమ్మెల్యేలకు పట్టణ సంస్థల్లో చోటు కల్పించుకునే వీలు రాష్ట్రాలకు రాజ్యాంగం 243–ఆర్ అధికరణంలో ఇచ్చింది, మన మునిసిపల్ చట్టాలు వారికి ఓటు కూడా ఇచ్చాయి. మండల పరిషత్తు అధ్యక్షుని ఎన్నికలో మాత్రం ఎంపీటీసీలదే ఓటు. ఈ తేడాకు నాకు తర్కం కనిపించదు. రెండు మూడు వార్డుల తేడాతో గెలుపోటములు తేలే చిన్న పట్టణాల్లో ఈ ఒక్క ఓటు ఫలితాన్ని తారుమారు చేసిన సందర్భాలున్నాయి. ఎమ్మెల్యే కౌన్సిల్లో కూర్చొని మాట్లాడడం మంచిదే, ఛైర్మన్‌ను ఎన్నుకునే హక్కు వార్డు సభ్యులకే ఉండాలన్నది నా అభిప్రాయం.

దీనికి ఎదురుదిశలో ఒక మాట. మునిసిపాలిటీలో పని నేర్చుకొని చట్టసభకు వెళ్లడం ఒకప్పుడు మంచి దారి. ప్రకాశం పంతులు గారు మద్రాసుకూ, ఆంధ్రకూ ముఖ్యమంత్రి కావడానికి చాలా ముందే రాజమండ్రి మునిసిపల్ ఛైర్మన్‌గా చేశారు. కౌన్సిలర్ గారూ, మీరూ ఆ మెట్టు మీదే ఉన్నారు.

ప్రశ్న: తహసీల్దారు కార్యాలయంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. తెలుగు అధికార భాష అని 1966లో చట్టం వచ్చింది, 1974లో అధికార భాషా సంఘం పెట్టి వావిలాల గారిని తొలి అధ్యక్షుణ్ణి చేశారు. అయినా పైనుంచి వచ్చే జీవోలు ఇంగ్లీషులోనే చదువుకున్నాం. ఆయన సాధించిందేమిటి? – నరసరావుపేట

మీరు లోపల కూర్చొని చూసిన వారు కనుక మీకు పైపై మాటలు చెప్పి లాభం లేదు. ఆ సంఘానికి తనిఖీ చేసే అధికారం ఉంది, సలహా ఇచ్చే అధికారం ఉంది, మాట వినని అధికారిని ఏమీ చేయలేదు. కార్యాలయాలకు వెళ్లి, రిజిస్టర్లు తెప్పించి, ఎన్ని ఉత్తరాలు తెలుగులో వెళ్లాయో లెక్క చూడడం, వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదని అడగడం, ఇంతవరకే దాని చేతిలో ఉన్నది. ఒక విధంగా అది ఆయన సభలో చేసిన పనికి కొనసాగింపే. అక్కడ కాలువ గురించి అడిగారు, ఇక్కడ భాష గురించి అడిగారు.

అసలు విచిత్రం మీకు నాకంటే బాగా తెలుసు. పల్లె లెక్కలు మొదటినుంచీ తెలుగే. అడంగల్ తమిళం నుంచి, పహాణీ, దస్తావేజు, శిస్తు లాంటి మాటలు ఉర్దూ, ఫారసీల నుంచి వచ్చినా తెలుగులో కలిసిపోయి, చదువు రాని రైతుకు కూడా అర్థమయ్యాయి. ఆ కాగితం మండలం దాటితే సగం ఇంగ్లీషవుతుంది, జిల్లా దాటితే పూర్తిగా ఇంగ్లీషవుతుంది, తిరిగి రైతు చేతికి వచ్చేసరికి దాన్ని చదివి చెప్పడానికి ఒక మనిషిని వెతుక్కోవాలి. ‘విత్ రిఫరెన్స్ టు ద సబ్జెక్ట్ సైటెడ్’ అని మొదలుపెట్టడం మీ తోటివారికి చేతి అలవాటు అయిపోయింది, ‘పై విషయమునకు సంబంధించి’ అని రాయడానికి చెయ్యి తిరగలేదు. ఆ తిరగకపోవడాన్ని లోపంగా గుర్తించి, తప్పెక్కడుందో ఆఫీసులో నిలబడి చూపించిన సంఘం అది. చట్టం పూర్తిగా అమలు కాలేదన్న మీ మాటను కాదనలేను. సంఘమే లేకపోయి ఉంటే మీ ముప్పై ఏళ్ల సర్వీసులో మీరు తెలుగులో రాసిన ఆ కొద్ది నోట్ ఫైళ్లయినా ఉండేవా అని మాత్రం అడుగుతాను.

పద్మభూషణ్ ఆయనకు 1992లో వచ్చింది. నాలుగో విడత సభ్యత్వం ముగిసిన 1972 తరవాత ఆయన మరో ముప్పై ఏళ్లు బతికారు, అధికార భాషా సంఘంలో ఉన్న రోజులు తప్పిస్తే ఆ కాలమంతా పదవి లేకుండానే జనం మధ్య ఉన్నారు.

ప్రశ్న: వావిలాల గారు సభలో ఏం మాట్లాడారో చదవాలని ఉంది. ఎక్కడ దొరుకుతుంది? – చరిత్ర పరిశోధక విద్యార్థి

శాసనసభలో జరిగిన ప్రతి చర్చా అచ్చయిన సంపుటాల్లో ఉంటుంది. శాసనసభ గ్రంథాలయంలో అడగండి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి: 1952 నుంచి 1953 సెప్టెంబరు దాకా మద్రాసు శాసనసభ సంపుటాల్లోను, 1956 అక్టోబరు దాకా ఆంధ్ర శాసనసభ సంపుటాల్లోను, ఆ తరవాతివి ఆంధ్రప్రదేశ్ సంపుటాల్లోను వెతకాలి. ఒకే చోట చూసి లేవని తిరిగి వచ్చేస్తారేమోనని చెబుతున్నాను. ఏ రోజుతో మొదలుపెట్టాలో తోచకపోతే, 1954 నవంబరు 6 నాటి కర్నూలు సభతో మొదలుపెట్టండి. ఒక్క ఓటు ఎటు పడుతుందో తెలియని రోజున ఎవరు లేచారో, ఎంతసేపు మాట్లాడారో, మధ్యలో ఎవరు అడ్డుతగిలారో వరసగా కనిపిస్తుంది.